బోడినత్తలు ఏరిన పది రోజులు

నాకు చిన్నప్పటి నుంచీ ఒక జబ్బుంది. ఎక్కడైనా నలుగురు గంభీరంగా ముఖాలు పెట్టుకుని కూర్చుంటే నా నోరు ఊరుకోదు. మా తాత పోయినప్పుడు పాడె లేపడానికి ఒక మనిషి తక్కువైతే, "తాతా, నువ్వూ ఓ సెయ్యెయ్యి" అన్నాను. ఏడుస్తున్నవాళ్లు కూడా నవ్వేశారు. ఆ నవ్వుతో నాకొక లైసెన్సు చేతికొచ్చినట్టయింది. దాని మీద పదేళ్లు బండి నడిపాను. ఒకసారి ఒక మనిషి మీదుగా కూడా పోనిచ్చాను. ఇది ఆ సంగతి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, గాజువాక దాటి దువ్వాడ వైపు పోయే రోడ్డు పక్కన ఒక నర్సరీలో నేను సూపర్‌వైజరుని. సూపర్‌వైజ్ చెయ్యడానికి అక్కడ ఉన్నది ఇద్దరే. మా ఇంట్లో నాకు ముందు అందరూ సముద్రం మీద బతికినవాళ్లు. బోటనీలో సెకండ్ క్లాసు తెచ్చుకున్న కొడుకు మొక్కలకి నీళ్లు పెట్టించే ఉద్యోగంలో చేరాడని తెలిసి మా నాన్న, "సముద్రం నిండా నీల్లే ఉన్నాయి గదరా, అవి సాల్లేదేటి" అన్నాడు. నా జబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో దీన్నిబట్టి తెలుస్తుంది.

నర్సరీ యజమానురాలు సైన్సు టీచరుగా రిటైరైన ఆవిడ. మేడమ్ అనేవాళ్లం. ఆకుపచ్చ వల కింద వరసల్లో ఆంథూరియం కుండీలు పెంచేది. ఆఫీసులకీ గెస్టుహౌసులకీ ఫంక్షన్ హాళ్లకీ అవి వెళ్లేవి. ఎర్రటి, లక్కపూత పూసినట్టుండే పువ్వు, దాని వెనక పెద్ద ఆకు. ఆ ఆకు మీద ఒక్క చిల్లు పడితే చాలు, ఆ కుండీని ఎవరూ ముట్టుకోరు.

చిల్లులు పెట్టేది గుల్ల లేని నత్త. పుస్తకాల్లో దాని పేరేదో ఉంది గాని మేం బోడినత్త అనేవాళ్లం. వానాకాలం వస్తే వందల్లో పుట్టుకొచ్చేవి. పగలంతా కుండీ కింద, తడి కొబ్బరిపీచు కింద దాక్కుంటాయి. చీకట్లో బయటికొచ్చి లేత ఆకు తిని, ఎండెక్కే లోపల తిరిగి దాక్కుంటాయి. నడిచిన దారి పొడుగునా వెండి జరీ గీసినట్టు జిగురు మెరుస్తూ ఉంటుంది. దొంగతనం చేసి అడ్రసు రాసిపెట్టి పోయే దొంగ నాకు తెలిసి అదొక్కటే.

ఆ అడ్రసులు పట్టుకుని వెళ్లి వాటిని ఏరడం ఒకావిడ పని. అరవై ఏళ్లుంటాయి. అందరం అత్తా అని పిలిచేవాళ్లం. విజయనగరం వైపు రైతు కుటుంబం. భర్త పోయాక కూలి పనికి ఈ ఊరొచ్చింది. కొన్నేళ్లకి మోకాళ్లు అరిగిపోయి మట్టి తట్టలు మొయ్యలేకపోయింది. నత్తలు ఏరడం ఒక్కటే ఆమె చెయ్యగలిగిన పని, అది ఆమెలా చెయ్యగలిగినవాళ్లు కూడా లేరు. తెల్లవారుజామునే లేచి, అడ్డపొగ వేసుకుని, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని, చీల్చిన వెదురుపుల్లతో ఒక్కొక్క నత్తనీ పట్టి ఉప్పునీళ్ల డబ్బాలో వేసేది. నోట్లో నిప్పుండగానే వాటితో మాట్లాడేది.

"ఏటే, పెళ్లికెల్లొచ్చినదాన్లాగ ఊగుతా నడుత్తన్నావు. సాల్లే, రా."

బావి దగ్గర పంపు గదిలో ఉండేది. రేకుల కప్పు, మోటారు, పక్కన ఆమె ట్రంకు పెట్టె, కిరసనాయిలు స్టవ్వు. నాకది పంపు గది, ఆమెకి ఇల్లు. ఆమెకి ఇంకెవరైనా ఉన్నారంటే అనకాపల్లి అవతల ఒక తమ్ముడు. ఆ ఇంటి సంగతి ఒకసారి నాకు తనే చెప్పింది.

"నానక్కడుంతే ఆల్లకి బువ్వ దిగదు, నాకు నిద్రట్టదు. ఇక్కడ మోటారు సప్పుడుకి హాయిగా నిద్రడతాది బావూ."

ఈ మాట నాకు తెలుసని మొదటే చెప్పేస్తున్నాను. తరవాత తెలియనట్టు నటించే అవకాశం నాకు నేను ఇవ్వదలచుకోలేదు.

ఆ ఏడాది శ్రావణంలో మేడమ్ తమ్ముడు పనిచేసే ఓడ మన పోర్టుకి వచ్చింది. ఆయన ఓడలో ఇంజనీరు. అక్కగారి నత్తల బాధ ఉత్తరాల్లో చదివి చదివి, ఇంగ్లండులో తోటపని సామాన్లమ్మే కొట్లో ఒక ప్యాకెట్ కొని ఓడ ఫ్రిజ్‌లో పెట్టి తెచ్చాడు. బతికున్న పురుగుల్ని అలా దేశం దాటించకూడదని అప్పుడు మాకెవరికీ తెలియదు. లోపల తడి గంధం ముద్దలాంటిది ఉంది. ఆ ముద్దలో లక్షల నులిపురుగులున్నాయని కాయితంలో రాసుంది. ఉత్త కంటికి కనబడవు. నీళ్లలో కలిపి తడి మట్టి మీద పొయ్యాలి. అవి వెతుక్కుంటూ పోయి నత్త ఒంట్లో దూరతాయి. నాలుగైదు రోజుల్లో నత్త తిండి మానేసి, నేల లోపలికి పోయి చస్తుంది. మొక్కకీ మనిషికీ ఏమీ కాదు.

ఆ ఇంగ్లీషు కాయితాన్ని టీ వేళ అందరికీ వినిపించే పని మేడమ్ నాకు పెట్టింది. అందరూ అంటే అత్తా, నీళ్లు పెట్టే ఆయనా. మా నర్సరీలో నులిపురుగు అంటే వేళ్లలో బుడిపెలు కట్టించి మొక్కని ఎండబెట్టే శత్రువు. అందుకని నీళ్లు పెట్టే ఆయనకి అనుమానం వచ్చింది.

"బావా, దొంగకి తాళాలిచ్చినట్టు కాదేటి ఇది?"

"ఇది ఆ దొంగకి దూరపు సుట్టం బావా. పోలీసుల్లో సేరిపోనాది" అన్నాను.

అత్త ప్యాకెట్ చేతిలోకి తీసుకుని చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసింది. నేను ఊరుకోలేదు.

"అత్తా, ఇంక నీ ఉద్యోగం ఊడింది. లచ్చల మంది కూలోల్లు ఓడెక్కొచ్చి దిగీసారు. బువ్వక్కర్లేదు, జీతమక్కర్లేదు."

అందరికన్నా ఎక్కువ ఆమే నవ్వింది. "నాకూ ఓ నాలుగియ్యి బావూ, మోకాల్లలో ఏసుకుంతాను. ఆ నొప్పిని తినీసి పోతాయి" అంది.

నవ్వనిది మేడమ్ ఒక్కతే. వాళ్లిద్దరూ పనిలోకి వెళ్లాక నన్ను ఆపింది.

"నువ్వన్నది నిజమే కదయ్యా. ఇది పనిచేస్తే ఇంకావిడ చేసే పనేముంది? ఈ వయసులో వంగి వంగి ఏరుతుంటే నాకే చూడబుద్ధి కావడం లేదు. తమ్ముడింటికి వెళ్లి హాయిగా కూర్చుంటుంది. ఆ గదిలో ఒక వాచ్‌మన్‌ని పెట్టుకోవచ్చు."

నేను టీ గ్లాసులు సర్దుతున్నాను.

"పది రోజులు చూద్దాం. ఆ పది రోజులూ ఎవరూ ఒక్క నత్తని కూడా ఏరకూడదు, అప్పుడే తెలుస్తుంది. ఆకులు బాగుంటే ఆవిణ్ణి పంపిద్దాం. చిల్లులు పడితే ఎప్పట్లాగే ఉంటుంది. ఇప్పుడే ఆవిడతో అనకు, బెంగపెట్టుకుంటుంది."

ఆమె తమ్ముడింట్లో హాయి ఏపాటిదో చెప్పాల్సిన చోటు అదే. చెప్పడానికి ఒక్క వాక్యం సరిపోయేది. నేను, "అలాగే మేడమ్, మరి పురుగులకి పీఎఫ్ కట్టాలా?" అన్నాను. ఆవిడ నవ్వింది. నా పని అయిపోయింది.

చల్లేదాకా ప్యాకెట్‌ని ఫ్రిజ్‌లో ఉంచాలని కాయితంలో ఉంది, మేం చల్లేది ఆదివారం. నర్సరీలో ఫ్రిజ్ లేదు. ముప్పై ఏళ్లు పిల్లలకి జీవశాస్త్రం చెప్పిన మేడమ్, "శ్రావణమాసంలో నా ఫ్రిజ్‌లో పురుగులా? పెరుగు పక్కనా?" అంది. మా ఇంట్లో చల్లదనానికి లోటు లేదని నేను ప్యాకెట్ పట్టుకుపోయాను.

మా అమ్మ ఫిషింగ్ హార్బర్ దగ్గర చేపలమ్మేది. మా ఇంట్లో ఫ్రిజ్ లేదు, థర్మాకోల్ పెట్టె ఉంది. మిగిలిన సరుకు మర్నాటికి నిలవాలంటే కొట్టిన ఐసు పరిచి, దాని మీద గుప్పెడు కల్లుప్పు చల్లి, చేపలు పేర్చి, మళ్లీ ఐసు, మళ్లీ ఉప్పు. ఉప్పు పడ్డ ఐసు మామూలు ఐసు కన్నా చల్లగా అయిపోతుంది, చేప రాయిలా బిగుసుకుంటుంది. మా వీధిలో పిల్లలకి కూడా తెలిసిన విద్య ఇది. చల్లగా ఉంచమని అమ్మకి ఇచ్చాను. గడ్డకట్టనివ్వకూడదు అన్న ఇంకో వాక్యం కూడా కాయితంలో ఉంది. అది నేను టీ దగ్గర గట్టిగా చదివాను కూడా. అమ్మకి మాత్రం చెప్పలేదు.

ఆదివారం పెట్టె తెరిస్తే ప్యాకెట్ ఇటుకలా ఉంది.

"అమ్మా, ఇదేటి ఇలాగైపోనాది?"

"ఎలాగైపోనాది? సల్లగా ఉంచమన్నావు, ఉంచాను. వంజరం పక్కన ఎట్టాను. రాజాలాగుంది."

"గడ్డకట్టకూడదని రాసుందే."

"ఎవులు రాసారు?"

"కంపినీవోల్లు."

"ఆల్లు నీకు రాసారు. నువ్వు నాకు సెప్పేవా? ఉప్పేసిన ఐసులో నీల్లే రాయైపోతాయి. నీ పురుగులెంత?"

నీళ్ల బేసినులో పెట్టి కరిగించాను. ఒక చుక్క తీసి కాలేజీ రోజుల నాటి భూతద్దం కింద చూశాను. సన్నటి దారపు ముక్కల్లా ఉన్నాయి, ఒక్కటీ కదలడం లేదు. నేను చెయ్యి వణికించినప్పుడు కదిలినట్టు అనిపించింది. కాసేపు అదే పనిగా వణికించి చూశాను.

చాలా ఏళ్ల తరవాత ఎక్కడో చదివాను, ఆ జాతి పురుగులు చల్లటి దేశాల మట్టికి అలవాటు పడ్డవట, మన నేల వేడికి తట్టుకోలేవట. మా అమ్మ ఐసు చంపకపోయినా విశాఖపట్నం చంపేసేది. ఆ సంగతి చదివి ఒక టీ తాగినంత సేపు నాకు తేలిగ్గా అనిపించింది. టీ అయిపోయాక, నేను సిగ్గుపడుతున్నది పురుగుల గురించి కాదని గుర్తొచ్చింది.

ఆ సాయంత్రం ఆ నీళ్లని జల్లు డబ్బాలో పోసి వరస వరసకీ చల్లాను. మేడమ్ దగ్గరుండి చూసింది.

"చేపల వాసన వస్తోందేమయ్యా?"

"ఓడ మీద వచ్చినవి కదా మేడమ్" అన్నాను.

అత్తతో, "ఆ వరసల్లోకి పది రోజులు పోకత్తా, మందేసాం" అని మాత్రం చెప్పాను. ఆ పది రోజుల మీద ఆమె గది ఆధారపడి ఉందని తెలిసినవాళ్లం ఇద్దరం, నేనూ మేడమూ. పురుగులు చచ్చాయని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

సోమవారం పొద్దున్న చూస్తే ఎప్పట్లాగే వెండి గీతలు, కొత్త చిల్లులు. నేను చేతులు కట్టుకుని పది రోజులు ఊరికే ఉంటే ఆమె ఇల్లు ఆమెకి మిగిలేది. దానికి నేనివ్వాల్సిన ధర ఒక్కటే. ఇంగ్లండు నుంచి ఓడెక్కి వచ్చిన పురుగుల్ని ఈ బోటనీ పట్టభద్రుడు చేపల పెట్టెలో పెట్టి చంపాడని తేలుతుంది. నీళ్లు పెట్టే ఆయన ఆ కథని గాజువాక దాకా మోస్తాడు. అందరి మీదా నవ్వేవాణ్ణి నేను, నా మీద ఎవరైనా నవ్వితే తట్టుకోలేను. ఆ సంగతి అప్పటిదాకా నాకు కూడా తెలియదు.

మంగళవారం మొదటి బస్సు పట్టుకుని తెల్లవారుతుండగానే వచ్చాను. మా అమ్మ ఉప్పే ఒక డబ్బాలో వేసుకుని, ఐస్‌క్రీమ్ పుల్లలు రెండు పట్టుకుని ఏరడం మొదలుపెట్టాను. మేడమ్ వచ్చేది తొమ్మిదింటికి. మూడో వరసలో ఉండగా, పంపు గది గడప మీద ఎర్రటి నిప్పేమీ లేకుండా పొగ మాత్రం లేస్తోంది. అడ్డపొగ వేసుకున్న మనిషి చీకట్లో కూర్చుంటే నిప్పు కనబడదు. పొగ కనబడేసరికి వెలుగొచ్చేసింది.

"ఏటి బావూ సేత్తన్నావు, ఇంత పొద్దున్నే?"

"పురుగులకి లొంగని మొండివి కొన్నున్నాయత్తా. అరెస్టు సేత్తన్నాను."

"ఎన్నేటి?"

"ఓ నాలుగు."

డబ్బాలో నలభై ఉన్నాయి.

"మరి నన్ను ఏరొద్దన్నారు గదా."

"ఇది ఏరడం కాదత్తా. పరిశోదన."

ఆమె పొగ మింగి దగ్గి నవ్వింది. "పరిశోదన్లో కుండీ అంచు కింద సూడరేటి? అక్కడే ఉంతాయి మరి."

చూశాను. అక్కడే ఉన్నాయి.

రోజూ అదే వరస. ఏరడం అయ్యాక రోడ్డు మీద పాకలో టీ తాగి, ఎనిమిదింటికి అప్పుడే వచ్చినవాడిలా నర్సరీలోకి వచ్చేవాణ్ణి. అయిదో రోజుకి నాకొక నమ్మకం ఏర్పడింది, ఈ విద్య నా రక్తంలోనే ఉందని. అంతకంతకీ శుభ్రంగా ఉండేవి ఆకులు. మేడమ్ ఒక నోట్‌బుక్‌లో ఏ వరసలో ఎన్ని కొత్త చిల్లులో రాసుకునేది. తొమ్మిదో రోజుకి సున్నాలు వచ్చేశాయి. "సైన్సంటే ఇదయ్యా" అంది. నేను తలూపాను.

పదకొండో రోజు అత్తని పిలిచి మేడమ్ మెత్తగానే చెప్పింది. ఒక చీర పెట్టింది. "ఇన్నాళ్లు కష్టపడ్డావు, ఇంక తమ్ముడి దగ్గర విశ్రాంతిగా ఉండు" అంది. అత్త చీర మడత విప్పకుండా చేత్తో రాస్తూ నా వైపు చూసింది. నలుగురూ గంభీరంగా ఉన్నారు. నా నోరు ఊరుకోలేదు.

"రిటైర్మెంటు అత్తా. దండేసి ఫొటో తీద్దునా?"

"దండేసి తీత్తే పోయినోల్ల ఫొటో అవుతాది బావూ" అంది. నీళ్లు పెట్టే ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు.

ట్రంకు పెట్టె ఆటోలో పెట్టి దువ్వాడ స్టేషన్ దాకా నేనే వెళ్లాను. పాసింజరు ఎక్కించాను. కిటికీ దగ్గర కూర్చుని, "నీ పురుగులు గట్టివి బావూ" అంది. బండి కదిలింది. చెప్పడానికి ఇంకా టైముంది, బండి నెమ్మదిగానే పోతోంది. నేను చెయ్యి ఊపాను.

తరవాత విచిత్రం ఒకటి జరిగింది. నేను అదే వేళకి వస్తున్నాను, అదే విధంగా ఏరుతున్నాను, అయినా ఆకులకి చిల్లులు పడుతున్నాయి. వారం తిరిగేసరికి మేడమ్ నోట్‌బుక్‌లో అంకెలు మళ్లీ మొదలయ్యాయి. ఒకసారి చల్లితే ఆరు వారాలకి మించి పనిచెయ్యదని కాయితంలో ఉంది కదా అని నేను సర్దిచెప్పాను. ఆరు వారాలు అవ్వలేదని ఆవిడకి తెలుసు, గాని వానలు ఎక్కువయ్యాయని తనకి తనే చెప్పుకుంది. తమ్ముడి ఓడ మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు. వరసలో సగం కుండీలు పాడయ్యాక ఒకరోజు, "పోనీ వెళ్లి ఆవిణ్ణే తీసుకురా" అంది.

అనకాపల్లిలో దిగి షేర్ ఆటోలో వెళ్లాను. అత్త తమ్ముడి పెళ్లాం గుమ్మంలోనే ఎదురొచ్చింది. "నర్సిరీవోల్లా? తీసుకెల్లండి, తీసుకెల్లండి" అంది, నేను నోరు తెరవకముందే. అత్త ఇంటి వెనక పశువుల పాకకి ఆనించి దించిన చూరు కింద ఉంది. ట్రంకు పెట్టె మీద గోనెపట్టా పరిచి, దాని మీదే కూర్చుని ఉంది. నన్ను చూసి ముఖం వికసించింది. అదే నాకు కష్టమైంది.

"మేడమ్ రమ్మంటంది అత్తా. నత్తలు మళ్లీ ఎక్కువైపోనాయి."

"గదుందా?"

"అందులో వాచ్‌మన్ ఉంతన్నాడు."

"మరి నానెక్కడ తొంగుంతాను?"

నేను గోనెపట్టా వైపు చూశాను. ఆమె నన్ను ఓదారుస్తున్నట్టుగా, "పోన్లే బావూ, నీ పురుగులున్నాయి గదా, మళ్లీ తెప్పించుకోమను. బాగా పని సేసాయి" అంది.

"పని సెయ్యలేదత్తా. అవి మా ఇంట్లోనే సచ్చిపోనాయి. ఐసులో. నాను పోసింది ఉత్త నీల్లు. పది రోజులూ నానే ఏరాను."

"నువ్వేరావా?"

"సూసేవు గదా."

"సూసాను. నాలుగుంతే రెండు ఏరి రెండు వొగ్గీసీవోడివి. గుడ్డోడు సింతకాయలేరినట్టు. నువ్వు టీ కెల్లినప్పుడు నానొచ్చి మిగిలినవి ఏరీదాన్ని."

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. ఆ సున్నాలు నావి కూడా కావు.

"ఏరొద్దన్నాం గదత్తా."

"ఏరొద్దన్నారు. ఆకు తినీత్తంతే సూత్తా కూకోమన్నారేటి? పురుగులు తెచ్చి పోసినోడివి నువ్వు. సిల్లులు పడితే మేడమ్ నిన్ను తిడతాదని ఏరాను."

నేను తల ఎత్తలేదు. పాకలో గేదె ఒకటి తోకతో డొక్కలు కొట్టుకుంటోంది. ఆమె అడిగింది.

"సిల్లులు పడుంతే?"

"పడుంతే నువ్వక్కడే ఉందువు. మేడమ్ మొదటే అంది, పది రోజులు సూసి సెప్తానని."

"ఆ మాట నీకు తెలుసా?"

"తెలుసు."

"మొదట్నించీ?"

"మొదట్నించీ."

ఆమె నోట్లోంచి చుట్ట తీసి, బూడిద ఊసి, ఆరిపోయిందేమో చూసి మళ్లీ పెట్టుకుంది. "నువ్వు సెప్పేవు బావూ. ఉద్యోగం ఊడిందని టీ దగ్గరే సెప్పేవు. నానే ఆటనుకున్నాను" అంది. నేను లేచి వచ్చేదాకా ఇద్దరం గేదెనే చూస్తూ కూర్చున్నాం. తిడితే బాగుండునని మాత్రం అనుకున్నాను. తిడితే నాకు జవాబులొచ్చు.

మర్నాడు టీ వేళ మేడమ్‌కి చెప్పాను. ఎక్కడా హాస్యం కలపకుండా, ఉన్నదున్నట్టు, వరసగా చెప్పాను. చేపల పెట్టె, ఉప్పు, ఇటుక, ఐస్‌క్రీమ్ పుల్లలు, నా వెనకాల అత్త. చెప్పడం అయ్యేసరికి నీళ్లు పెట్టే ఆయన టీ గొంతుకడ్డుపడి దగ్గుతున్నాడు.

"ఐతే బావా, ఇంగ్లండోల్ల పురుగులు మీయమ్మ సేతిలో సచ్చేయి. నువ్వేమో నత్తలకి కాపలా. ముసిల్ది నీకు కాపలా." కళ్లు తుడుచుకున్నాడు. మేడమ్ కూడా నవ్వింది. "నీకు అన్నీ వేళాకోళమే. ఇంతకీ ఆవిడ ఎందుకు రాలేదు?" అంది.

ఇదే జరగకూడదని కదా నేను అంత చేసింది. తీరా జరిగితే అది ఎగతాళి నవ్వే కాదు, అభిమానం. మళ్లీ ఒక మంచి కథ కట్టాననుకున్నారు. నాకు అక్కడే ఆగిపోవాలనిపించింది. నవ్వేసి, అవును వేళాకోళమేనంటే అయిపోయేది. పెదాలు నవ్వడానికి సిద్ధపడ్డాయి కూడా. ఆ సంగతి ఎవరికీ తెలియదు గాని రాయకపోతే ఇదంతా రాయడం దండగ.

రెండోసారి చెప్పాను. మేడమ్ నవ్వు సగానికి తగ్గింది. మూడోసారి, "ఆ రోజు చేపల వాసన వచ్చిందన్నారు కదా మేడమ్" అన్నాను. నవ్వు పోయింది. నోట్‌బుక్ తెప్పించుకుని ఆ పది రోజుల పేజీ తీసి చూసుకుంది.

"ఈ సున్నాలన్నీ ఆవిడవా?"

"ఆవిడవే."

నన్ను ఏమంటుందోనని నిలబడ్డాను. ఆవిడ నన్ను కాదు, పేజీని చూస్తూ, "ఆవిడతో అనకు అన్నది నేనే కదూ" అంది. తరవాత పుస్తకం మూసి, వాచ్‌మన్‌ని గేటు పక్క షెడ్డులోకి మార్చమంది. "గది నువ్వే కడుగు. తీసుకురావడానికి కూడా నువ్వే వెళ్లు. ఇంకొకరిని పంపకు."

కడిగాను. వెళ్లాను. ఈసారి గదుందని మొదటి మాటగానే చెప్పాను. ఆమె గోనెపట్టా దులిపి మడతపెట్టింది. వస్తానంది, గాని ఒక షరతు పెట్టింది.

"ఏరడం నువ్వూ నేర్సుకోవాల. నాతోపాటు. పొద్దున్నే."

నేను ఆ నర్సరీలో ఉన్నన్నాళ్లూ వానాకాలం పొద్దున్నలు అలాగే గడిచాయి. ఒక వరస ఆమెది, పక్క వరస నాది. తన వరస పూర్తి చేసుకుని ఆమె నా వరస మొదటికి వచ్చేది. నేను చూసిన ప్రతి కుండీనీ మళ్లీ చూసేది. మొదట్లో నేను రెండు మూడు హాస్యాలు వేశాను. విననట్టు కాదు, విని ఊరుకునేది. నీళ్లు పెట్టే ఆయన కూడా కొన్నాళ్లకి నవ్వడం మానేశాడు, చూడ్డానికి ఏమీ లేదని.

ఒకరోజు రాత్రంతా వాన పడి తెల్లవారాక తెరిపిచ్చింది. ఆ పొద్దున్న నా వరసని మూడుసార్లు చూశాను. పీచు కెలికాను, ప్రతి ఆకూ తిప్పాను. ఈరోజు ఆమెకి ఏమీ దొరకదని నాకు గట్టి నమ్మకం. ఆమె వచ్చింది. ఒక కుండీ, రెండో కుండీ, ఆరో కుండీ దాకా ఏమీ దొరకలేదు. ఏడో దాని దగ్గర ఆగి, మోకాలు పట్టుకుని మెల్లిగా వంగి, ఇంకా విచ్చుకోని లేత ఆకు చుట్టని వేలితో కొంచెం విప్పింది. లోపల గోరంత నత్త. దాన్ని తన డబ్బాలో వేసుకోలేదు. నా డబ్బా దగ్గరికి లాక్కుని అందులో వేసింది.

"ఇది నీది" అంది.

నేను ఏదో అనబోయాను. ఆమె అప్పటికే ఎనిమిదో కుండీ దగ్గర వంగి ఉంది.